ప్రయరా, వుడ్డా? ఆశలు తీర్చని పిచర్లలో ఎవరి కథ మేలు

బేస్‌బాల్ అభిమానుల మధ్య ఎన్నటికీ తేలని తగాదాల్లో ఇదొకటి: కొండంత ఆశ పెట్టుకుంటే నీరుగార్చిన ఆటగాడు ఎవరు? ఒక్కో ఊరికి ఒక్కో పేరు ఉంటుంది. న్యూయార్క్‌లో యాంకీస్ అభిమాని బ్రయన్ టేలర్ అంటాడు, మెట్స్ అభిమాని డ్వైట్ గుడెన్ అంటాడు. టెక్సస్‌లో వయసు మళ్లినవాళ్లకు డేవిడ్ క్లైడ్ గుర్తొస్తాడు. షికాగోలో మాత్రం ఒక్క పేరుతో ఆగరు. మార్క్ ప్రయర్, కెర్రీ వుడ్ అని జంటగా చెప్పి నిట్టూరుస్తారు.

ఐదుగురూ పిచర్లే, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాళ్లే, కావడంలో వింతేమీ లేదు. గంటకు 95 మైళ్ల వేగంతో బంతి విసిరే చెయ్యి పద్దెనిమిదేళ్లకే జనాన్ని కట్టిపడేస్తుంది. అందరికంటే ముందు దెబ్బతినేదీ ఆ చెయ్యే. అయితే ఈ ఐదుగురినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. కొందరికి ఆట సరిగ్గా మొదలే కాలేదు. ఒకరు ఆశించినదానిలో చాలావరకు ఇచ్చి కూడా నింద మోస్తున్నారు. అసలు పోటీ షికాగో జంట మధ్యే.

అంకెల గురించి ఒక మాట. ఈఆర్‌ఏ అంటే పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు. ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి ఇందులో కలపరు. మూడు లోపు ఉంటే గొప్ప, ఐదు దాటితే జట్టులో చోటు కష్టం.

ముందు క్లైడ్. 1973 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏర్పాటులో, టెక్సస్ రేంజర్స్ మొట్టమొదటి ఎంపికగా తీసుకున్న కుర్రవాడు. హ్యూస్టన్‌లో వెస్ట్‌చెస్టర్ హైస్కూలు, ఎడమచేతి వాటం. చివరి ఏడాది స్కూలు జట్టు తరఫున 18 ఆటలు గెలిచి ఒక్కటీ ఓడలేదు. ఇలాంటివాణ్ని మామూలుగా రెండు మూడేళ్లు మేజర్ లీగ్‌కు కింది మెట్టయిన మైనర్ లీగ్‌లో ఉంచి సానపడతారు. కానీ రేంజర్స్ జట్టు వాషింగ్టన్ నుంచి ఆర్లింగ్టన్‌కు తరలివచ్చి అప్పటికి రెండో సీజనే, స్టాండ్లు వెలవెలబోతున్నాయి. యజమాని బాబ్ షార్ట్‌కు టికెట్ల డబ్బు కావాలి. (డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లు రేంజర్స్ ఆట చూడాలంటే వెళ్లేది ఈ ఆర్లింగ్టన్‌కే. స్టేడియాలు మారాయి గానీ ఊరు అదే.)

జూన్ 27న, హైస్కూలు పట్టా పుచ్చుకుని మూడు వారాలైనా గడవకముందే, క్లైడ్‌ను మేజర్ లీగ్ మైదానంలో దింపారు. 35,698 మంది వచ్చారు. ఆ స్టేడియంలో టికెట్లన్నీ అమ్ముడుపోవడం అదే మొదటిసారి. ఎదుట మిన్నెసోటా ట్విన్స్. కుర్రవాడు మొదటి ఇద్దరికీ వాక్‌లు ఇచ్చాడు, అంటే నాలుగేసి బంతులు గురి తప్పితే వాళ్లు బ్యాటు పక్కన పడేసి తాపీగా మొదటి బేస్‌కు నడిచారు. ఆ తరువాత ముగ్గురినీ వరసగా స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైక్‌లతో ఔట్ చేశాడు. స్టేడియం ఊగిపోయి ఉంటుంది, అనుమానం లేదు. మొత్తం ఐదు ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క హిట్ (బ్యాటర్ బంతిని కొట్టి బేస్ చేరడం), ఎనిమిది స్ట్రైకౌట్లు, ఏడు వాక్‌లు. రేంజర్స్ 4-3తో గెలిచింది. నా చూపు మాత్రం ఆ ఏడు దగ్గరే ఆగుతుంది. ఐదు ఇన్నింగ్స్‌లో ఏడు వాక్‌లు ఇచ్చే పిచర్ ఇంకా నేర్చుకోవలసినవాడు. ఆ సంగతి డగౌట్‌లో ఉన్న మేనేజర్ వైటీ హెర్జోగ్‌కు తెలియనిది కాదు.

రెండు ఆటలు ఆడించి కిందికి పంపాలన్నది మొదటి ఆలోచన. గేటు డబ్బు రుచి మరిగాక ఎవరు పంపుతారు? ఆ సీజన్ అంతా అక్కడే ఉంచేశారు. జట్టు 105 ఆటలు ఓడింది, క్లైడ్ నాలుగు గెలిచి ఎనిమిది ఓడాడు. తరువాత భుజానికి శస్త్రచికిత్స, మైనర్ లీగ్‌లు, క్లీవ్‌లాండ్‌లో రెండు సీజన్లు. చివరికి 18 గెలుపులు, 33 ఓటములు, 4.63 ఈఆర్‌ఏ. మేజర్ లీగ్ పింఛనుకు కావలసిన సర్వీసులో 37 రోజులు తక్కువ పడ్డాయి. అదే డ్రాఫ్ట్‌లో మూడో ఎంపిక రాబిన్ యౌంట్, నాలుగో ఎంపిక డేవ్ విన్‌ఫీల్డ్. ఇద్దరూ మేటి ఆటగాళ్లకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు కాబట్టి, వాళ్లను వదిలి ఇతన్నా తీసుకున్నది అని ఇప్పటికీ పెదవి విరిచేవాళ్లున్నారు. అయితే పెరగనివ్వకుండా కోసింది జట్టు. ఆ తూకం లోపాన్ని పద్దెనిమిదేళ్ల కుర్రవాడి ఖాతాలో రాయడం ఎక్కడి న్యాయం?

బ్రయన్ టేలర్ గురించి ఇంత చెప్పక్కర్లేదు. నార్త్ కరోలినాలోని బ్యూఫోర్ట్ కుర్రవాడు, 1991 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. యాంకీస్ అతనికి 15.5 లక్షల డాలర్లు ఇచ్చింది, ఆ రోజుల్లో అది రికార్డు. క్లైడ్ విషయంలో జరిగిన తొందర ఇక్కడ లేదు. మైనర్ లీగ్‌లో మెట్టు మెట్టుగానే ఎక్కించారు, అతనూ బాగానే ఎక్కాడు. 1993 డిసెంబరులో సొంత ఊరి దగ్గర ఒక గొడవలో తోబుట్టువు పక్షాన నిలవబోయి, బంతి విసిరే ఎడమ భుజాన్నే పాడుచేసుకున్నాడు. శస్త్రచికిత్స తరువాత వేగం తగ్గింది, గురి పూర్తిగా పోయింది. మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. క్లైడ్, టేలర్‌లలో ఎవరి గతి నయం అంటే, నా లెక్కలో క్లైడ్‌దే, ఆ ఒక్క రాత్రి కోసమైనా. నష్టపోయినవాడూ అతనే అనుకోండి. టేలర్‌ను దెబ్బతీసింది ఒక ఘడియ, క్లైడ్‌ను దెబ్బతీసింది తెలిసి తెలిసి చేసిన నిర్ణయం.

ఇక గుడెన్‌ను అసలు ఈ జాబితాలో చేర్చడమే నాకు మింగుడుపడదు. 1985లో, ఇరవయ్యేళ్ల వయసులో 24 గెలుపులు, 4 ఓటములు, 1.53 ఈఆర్‌ఏ. అంతటి సీజన్ కలలో కూడా రాని పిచర్లు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. మరుసటి ఏడాది మెట్స్ మేజర్ లీగ్ తుది పోరైన వరల్డ్ సిరీస్ గెలిచింది, ఆ విజయోత్సవ ఊరేగింపుకు అతను రాలేకపోయాడు. మాదకద్రవ్యాలు, చికిత్సలు, సస్పెన్షన్లు అన్నీ జరిగాయి, దాచవలసిందేమీ లేదు. అయినా కెరీర్ ముగిసేసరికి 194 గెలుపులు, 112 ఓటములు. 1996లో యాంకీస్ తరఫున ఒక నో-హిటర్, అంటే ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట, కూడా వేశాడు. జనం అతన్ని ఇతరులతో పోల్చలేదు, ఇరవయ్యేళ్ల గుడెన్‌తో పోల్చారు. ఆ పోలికలో నెగ్గేవాడు భూమ్మీద లేడు. 2024లో మెట్స్ అతని 16వ నంబరును శాశ్వతంగా విశ్రాంతికి పంపి గౌరవించింది, ఆలస్యంగానే అయినా.

మిగిలినవాళ్లు షికాగో కబ్స్ జంట. 1908 తరువాత 2016 దాకా టైటిల్ లేని జట్టు అది. ఆ రోజుల్లో అక్కడ ఒక మంచి పిచర్ దొరికితే అభిమానం మొక్కుబడిలా మారేది.

వుడ్ ముందు వచ్చాడు. 1998 మే 6న, కెరీర్‌లో ఐదో ఆటలో, ఇంకా ఇరవై ఒకటి నిండకుండానే హ్యూస్టన్ ఆస్ట్రోస్‌పై 20 స్ట్రైకౌట్లు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో అది రోజర్ క్లెమెన్స్ రికార్డుతో సమానం. ఒక్క వాక్ లేదు. ఒక్క హిట్ ఉంది, అది కూడా మూడో బేస్ ఫీల్డర్ గ్లవ్‌కు తగిలి జారిపోయిన బంతి. బ్యాటర్ బయటికి పోతుందనుకున్న బంతి లోపలికి, లోపలికి వస్తుందనుకున్నది బయటికి. పెద్ద పెద్ద బ్యాటర్లు గాలిని కొట్టి వెనుదిరిగారు. ఆ ఏడాది ఉత్తమ నూతన ఆటగాడి అవార్డు అతనిదే. మరుసటి సీజన్ మొత్తం మోచేతి శస్త్రచికిత్సకు పోయింది.

ప్రయర్ 2001 డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక. అతని బంతి విసిరే తీరు లోపం లేనిదని, ఆ శరీరానికి గాయాలు రావని నిపుణులు మెచ్చుకున్నారు. ఇప్పుడు చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2003లో 18 గెలుపులు, 6 ఓటములు, 2.43 ఈఆర్‌ఏ, 245 స్ట్రైకౌట్లు. అదే ఏడాది వుడ్ 266 స్ట్రైకౌట్లతో లీగ్‌లో మొదటివాడు. ఇద్దరూ కలిసి కబ్స్‌ను వరల్డ్ సిరీస్ గడపదాకా తెచ్చారు. అక్టోబరు 14న, ఫ్లోరిడా మార్లిన్స్‌తో లీగ్ టైటిల్ సిరీస్ ఆరో ఆటలో, ప్రయర్ 3-0 ఆధిక్యంలో ఉన్నాడు. మరో ఐదుగురు ఔటైతే చాలు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో కబ్స్ ఫీల్డర్ పట్టబోయిన ఒక ఫౌల్ బంతి ప్రేక్షకుడి చేతికి తగిలింది, షార్ట్‌స్టాప్ స్థానంలోని ఫీల్డర్ ఒక తేలిక బంతి వదిలాడు, ఎనిమిది పరుగులు పోయాయి. మర్నాడు వుడ్ బంతి పట్టాడు. తన బ్యాటుతోనే హోమ్ రన్ కొట్టాడు, అయినా జట్టు ఓడింది.

అభిమానులు ఇప్పటికీ ఆ ప్రేక్షకుడి మీద పళ్లు కొరుకుతారు. నాకు కోపం వచ్చేది మరొకచోట. అదే సిరీస్‌లో కబ్స్ 12-3తో చితక్కొట్టిన రెండో ఆటలోనూ ప్రయర్‌తో ఏడు ఇన్నింగ్స్ వేయించారు. అంతకుముందు సెప్టెంబరులో మళ్లీ మళ్లీ 120 బంతులు దాటించారు. గాయాలకు అదొక్కటే కారణమని తీర్పు చెప్పలేం. బేస్ మీద ఒక ఢీ, 2005లో మోచేతికి తగిలి ఎముక విరిచిన బంతి కూడా ఉన్నాయి. ఏమైనా, 2006 ఆగస్టులో, పాతికేళ్ల వయసులో, మేజర్ లీగ్‌లో అతని చివరి ఆట ముగిసింది. 42 గెలుపులు, 29 ఓటములు. ఈఆర్‌ఏ 3.51. చిత్రమేమిటంటే గుడెన్ కెరీర్ ఈఆర్‌ఏ కూడా అక్షరాలా అంతే, ఇన్నింగ్స్ మాత్రం నాలుగు రెట్లు ఎక్కువ.

వుడ్ అంకెలు చూడబోతే మొదటి చూపుకు చప్పగానే ఉంటాయి: 86 గెలుపులు, 75 ఓటములు, 3.67. కానీ భుజం మొదటిలా పనిచేయదని తెలిశాక అతను పని మార్చుకున్నాడు. 2008లో చివరి ఇన్నింగ్స్ మాత్రమే వేసే క్లోజర్‌గా 34 ఆటలు కాపాడి ఆల్‌స్టార్ జట్టుకు వెళ్లాడు. 2012 మేలో ఒకే ఒక్క బ్యాటర్‌ను స్ట్రైకౌట్ చేసి, మైదానంలోకి పరుగెత్తుకొచ్చిన కొడుకును ఎత్తుకుని రిటైరయ్యాడు. ప్రయర్ కూడా ఏళ్ల తరబడి తిరిగి రావాలని ప్రయత్నించాడు, శరీరం ఒప్పుకోలేదు. ఆ తరువాత లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ పిచింగ్ కోచ్‌గా 2020లో, 2024లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు.

మరి ఎవరు మేలు? పదేళ్ల కోసం జట్టు కట్టమంటే నేను వుడ్‌నే తీసుకుంటాను. సగం చేత్తోనైనా ఏదో ఒక పని చేసిపెడతాడు. ఒకే ఒక్క ఆట గెలవాలంటే మాత్రం 2003 నాటి ప్రయర్ చేతికే బంతి ఇస్తాను. వంద బంతులు పూర్తికాగానే చెప్పాపెట్టకుండా లాక్కుంటాను కూడా.