ఆయిల్ ఫిల్టర్: ప్రతిసారీ మార్చాలా, ఒకసారి విడిచి ఒకసారి చాలా?

"ఆయిల్ ఒక్కటే పోద్దామా, ఫిల్టర్ కూడా వేసేద్దామా సార్?" బయట షెడ్డులో సర్వీసింగ్ చేయించేవాళ్లందరికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. కొందరు మెకానిక్‌లు ప్రతిసారీ మార్చాల్సిందే అంటారు. మరికొందరు ఒకసారి విడిచి ఒకసారి మార్చినా ఏం కాదంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఏది ఎవరికి వర్తిస్తుందన్నదే తేల్చుకోవాలి.

ముందు ఫిల్టర్ లోపల ఏముందో చూద్దాం. పంపు తోడిన ఆయిల్ మొదట మడతలు మడతలుగా ఉన్న ఫిల్టర్ కాగితం గుండా వెళ్లి, ఆ తర్వాతే బేరింగులకు చేరుతుంది. కాగితం పూడిపోతే ఇంజిన్ ఆయిల్ అందక ఎండిపోకుండా బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. అప్పుడు ఆయిల్ వడపోత లేకుండానే ఇంజిన్‌లోకి పోతుంది. డాష్‌బోర్డు మీద ఏ లైటూ వెలగదు, బండి మామూలుగానే నడుస్తుంది. అందుకే "మూడు సర్వీసులుగా అదే ఫిల్టర్, ఏమీ కాలేదు" అనే మాటను నేను లెక్కలోకి తీసుకోను. జరిగే అరుగుదల అప్పటికప్పుడు బయటపడేది కాదు.

ప్రతిసారీ మార్చాలనేవాళ్ల వాదనలో ఇంకో బలముంది. పాత ఫిల్టర్‌ను అలాగే ఉంచితే అందులో సుమారు పావు లీటరు నల్ల ఆయిల్ మిగిలిపోతుంది. చిన్న కారుకు పట్టేది మూడు లీటర్ల చిల్లర. అంటే కొత్తగా పోసిన ఆయిల్‌లో 8 శాతం దాకా పాతదే కలుస్తుంది. ఖర్చు చూస్తే, చాలా చిన్న పెట్రోల్ కార్ల ఫిల్టర్ రెండు మూడు వందల రూపాయలు దాటదు. మంచి సింథటిక్ ఆయిల్ మీద అంతకు ఎన్నో రెట్లు పెట్టి, ఇక్కడ మిగుల్చుకునేది ఏముంది?

అయినా రెండో పద్ధతిని తీసిపారేయలేం. అమెరికాలో హోండా నడిపే మనవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. డాష్‌బోర్డు మీద సర్వీసు సంగతి గుర్తుచేసే మెయింటెనెన్స్ మైండర్‌లో 'ఏ' వస్తే ఆయిల్ మాత్రమే, 'బి' వస్తే ఆయిల్‌తో పాటు ఫిల్టర్ కూడా మార్చమని అర్థం. తయారుచేసిన కంపెనీయే అలా చెప్పిందంటే, ఫిల్టర్ అంతకాలం తట్టుకుంటుందనేగా!

నా ఉద్దేశంలో అసలు చూడాల్సింది ఎన్ని ఆయిల్ మార్పులయ్యాయని కాదు, ఆ ఫిల్టర్ మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగాయని. మన దగ్గర మారుతి, హ్యుందాయ్ పెట్రోల్ కార్లలో ఎక్కువవాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది గడువు. ఆ గడువుకే ఆయిల్ మార్చేవాళ్లు ఫిల్టర్ వదిలేస్తే అది 20,000 దాకా పోతుంది. అది తప్పు. మామూలు మినరల్ ఆయిల్ వాడి 5,000కే మార్చేవాళ్లు ఒకసారి విడిచి ఒకసారి ఫిల్టర్ వేసినా 10,000 దగ్గరే ఆగుతారు. వాళ్లకు ఫర్వాలేదు. కానీ హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజంతా తిరిగే ట్యాక్సీ అయినా, మట్టిరోడ్ల మీద నడిచే బండి అయినా నేను ప్రతిసారీ మార్చమనే చెబుతాను. డీజిల్‌కూ అంతే. దాని ఆయిల్‌లో మసి ఎక్కువ.

పిల్లలు విదేశాల్లో ఉండి, ఇంటి దగ్గర అమ్మానాన్న గుడికీ ఆసుపత్రికీ మాత్రమే తీసే కార్ల సంగతి వేరు. ఏడాదికి 3,000 కూడా తిరగదు కదా అని రెండేళ్లు వదిలేస్తుంటారు. దగ్గర దూరాలకే తీస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. తేమ, కాలని పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. అలాంటి బండికి కిలోమీటర్లు చూడకుండా ఏడాదికోసారి రెండూ మార్పించండి.

ఎప్పుడు మార్చామన్నదాంతో పాటు ఏది వేశాం, ఎలా వేశాం అన్నదీ ముఖ్యమే. డూప్లికేట్ ఫిల్టర్‌ను 5,000కోసారి మార్చడం కంటే ఒరిజినల్‌ను 10,000 దాకా వాడటమే నయం. మార్చేటప్పుడు పక్కనే నిలబడండి. పాత ఫిల్టర్ రబ్బరు వాషర్ ఇంజిన్‌కే అతుక్కుపోయి ఉందేమో చూడమనండి. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు వాషర్లూ నిలవక ఆయిల్ కారిపోతుంది. కొత్త వాషర్‌కు కాస్త ఆయిల్ రాసి, ఫిల్టర్ మీద రాసి ఉన్నంతే చేత్తో బిగించాలి. పానా పెట్టి పిండేస్తే మళ్లీ ఊడదు. కాగితం ఎలిమెంట్ మాత్రమే మార్చే రకమైతే దాని మూతకుండే ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) కూడా కొత్తదే వేయించాలి. చివరగా తేదీ, ఓడోమీటర్ అంకె మార్కర్‌తో ఫిల్టర్ డబ్బా మీదే రాసిపెట్టుకుంటే, వచ్చేసారి ఎవరినీ అడగక్కర్లేదు.