బుట్ట పిడి కత్తుల్లో మొదట కొనాల్సింది ఏది?

బుట్ట పిడి అంటే పట్టుకున్న చేతిని చుట్టూ కప్పే లోహపు బుట్ట ఉన్న పిడి. అందులో స్కాటిష్ కత్తి కొనాలా, వెనిస్ వాళ్ల స్కియవోనా కొనాలా? బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఉంటూ యూరప్ పాత ఆయుధాల పిచ్చి పట్టిన మనవాళ్లు పదే పదే అడిగే ప్రశ్న ఇది. ఈ మధ్య ఇంగ్లండ్ అంతర్యుద్ధం నాటి మార్చురీ కత్తి గురించి కూడా అడుగుతున్నారు. అందుకే అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా.

అందమే కావాలంటే స్కియవోనాకు పోటీ లేదు. వెనిస్ పాలకుడైన డోజ్ దగ్గర కాపలా ఉన్న డాల్మేషియా (అడ్రియాటిక్ సముద్ర తీరం) సైనికుల పేరుతో నిలిచిన కత్తి అది. ఏటవాలుగా అల్లుకున్న ఇనుప కమ్మీలు, పిడి చివర పిల్లి తలను పోలిన ఇత్తడి గుండు, బొటనవేలు దూర్చుకోవడానికి చిన్న రింగు. ఒకసారి చేతిలోకి తీసుకుంటే మళ్లీ పెట్టెలో పెట్టబుద్ధి కాదు. కానీ 19వ శతాబ్దంలో యూరప్ ధనవంతులకు హాలు గోడల నిండా పాత ఆయుధాలు వేలాడదీసే మోజు పట్టింది. ఆ గిరాకీ కోసం నకళ్లు చేసినవాళ్లు మంచి పనిమంతులు. ఆ నకళ్లకు కూడా ఈపాటికి నూరేళ్లకు పైగా వయసొచ్చింది, తుప్పు కూడా నిజంగానే పట్టింది. కొత్తవాళ్లు ఫొటో చూసి తేల్చుకోగలిగేది కాదు.

మార్చురీ కత్తి అమ్మేవాళ్లు పిడి మీద చెక్కిన ముఖాన్ని చూపించి, ఇది తల నరికించుకున్న ఒకటో చార్లెస్ రాజు స్మారకం అంటారు. ఆ కథకు అదనంగా డబ్బు పెట్టకండి. ఆయనకు శిక్ష పడింది 1649 జనవరిలో. ఇలాంటి పిడులు అంతకు ముందు నుంచే ఉన్నాయి.

ఇక నా దృష్టిలో అసలు విషయానికి వస్తాను. పిడి, అలుగు (కత్తిలో కోసే భాగం) మొదటి నుంచీ కలిసే ఉన్నాయా? తర్వాత ఎవరో ఎక్కడెక్కడివో తెచ్చి జత చేశారా? వయసు, అందం, తయారీదారు పేరు అన్నీ దీని తర్వాతే.

జత మార్చడం దానికదే మోసం కాదు. స్కాట్లండ్‌లో పిడి స్థానికంగా చేసేవారు, అలుగు ఎక్కువగా జర్మనీలోని జోలింగెన్ నుంచి వచ్చేది. అలుగు మీద ఆండ్రియా ఫెరారా అనే ఇటలీ కమ్మరి పేరు ఉన్నంత మాత్రాన అది ఆయన చేసిందని కాదు. ఆయన పోయాక చాలాకాలం పాటు జోలింగెన్ వాళ్లు ఆ పేరును రకరకాల స్పెల్లింగులతో కొడుతూనే ఉన్నారు. తాత నాటి అలుగుకు మనవడు కొత్త పిడి వేయించుకోవడం కూడా మామూలే. మన దక్కన్‌లోని ఫిరంగి కత్తులూ అంతే కదా, యూరప్ అలుగుకు ఇక్కడి పిడి. అసలు ప్రమాదం 1822 తర్వాత మొదలైంది. ఆ ఏడాది నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఏర్పాట్లతో ఊరంతా హైలాండ్ (స్కాట్లండ్ కొండ ప్రాంతం) వేషాలే. ఆ ఫ్యాషన్ శతాబ్దమంతా సాగింది, వేషం పూర్తి కావాలంటే కత్తి కావాలి. అలుగు పోయిన పాత పిడికి దొరికిన అలుగు తగిలించి అమ్మేశారు.

ఇలా జత మార్చిన సంగతి కనిపెట్టడానికి స్కాటిష్ కత్తే అన్నిటికన్నా అనువు. అలుగు వెనక సన్నగా ఉండే తోక పిడి గుండా పైకి వచ్చి, గుండు మీద సుత్తి దెబ్బలతో అణచబడి ఉంటుంది. విప్పాలంటే దాన్ని ఆకురాయితో అరగదీయాలి, మళ్లీ కొట్టాలి. అక్కడ లోహం తళుక్కుమన్నా, చుట్టూ ఉన్న తుప్పు రంగు తెగినట్టు కనిపించినా అనుమానించండి. బుట్ట అడుగున అలుగు దూరే గాడి కూడా చూడండి. అలుగు సన్నగా ఉండి గాడి వెడల్పుగా ఉంటే అది ఇంకో అలుగు కోసం చేసిన పిడి. ఫెరారా అక్షరాల్లో సగం పిడి కిందికి వెళ్లిపోతే అలుగును కోసి పొట్టి చేశారని అర్థం. మార్చురీ కత్తిలో ఈ వసతి తక్కువ. దాని కమ్మీలు గుండుకు స్క్రూలతో బిగించి ఉంటాయి, విప్పి బిగించిన ఆనవాళ్లు సరిగా మిగలవు.

అందుకని స్కాటిష్ వైపే నా మొగ్గు. అందులోనూ స్టర్లింగ్ ఊరి వాల్టర్ అలన్, గ్లాస్గో ఊరి జాన్ సింప్సన్ లాంటి పేరున్న పనివాళ్ల కత్తుల జోలికి మొదటే వెళ్లొద్దు, ధర తట్టుకోలేం. 1750ల తర్వాత హైలాండ్ రెజిమెంట్ల సిపాయిలకు ప్రభుత్వం ఇచ్చిన కత్తి చూడండి. పలుచని ఇనుప రేకు బుట్ట, ఒకే వాదర ఉన్న అలుగు, దాని మీద కిరీటం, జార్జి రాజును సూచించే జీఆర్ అక్షరాలు, తయారీదారు జెఫ్రీస్ లేదా డ్రూరీ పేరు. చూడ్డానికి మోటుగా ఉంటుంది, నిజమే. కానీ ఒకే నమూనాలో చేసినవి కాబట్టి మ్యూజియంలో ఉన్నదాని పక్కన పెట్టి కొలతకు కొలత పోల్చుకోవచ్చు. విడిగా చేయించుకున్న కత్తికి ఆ అవకాశం ఉండదు.

బడ్జెట్ మరీ తక్కువైతే హైలాండ్ రెజిమెంట్ల 1828 నమూనా ఆఫీసర్ కత్తి ఉంది. లండన్ కత్తుల కంపెనీ విల్కిన్సన్ తయారీ అయితే సీరియల్ నంబరుతో ఏడాది తెలుసుకోవచ్చు.

ఏది కొన్నా డబ్బు పంపేముందు రెండు ఫొటోలు అడగండి. గుండు పైభాగం దగ్గరగా ఒకటి, అలుగు బుట్టలోకి దూరే చోటు కింది నుంచి ఇంకొకటి. పంపడానికి నసిగితే ఆ కత్తి మనది కాదనుకుని వదిలేయండి.