కడుపులోనే బిడ్డ పోతే కారణం తెలిసేదెలా? అడిగి తెలుసుకోవడమా, సూదితో చూడటమా, మాయను (ప్లాసెంటాను) చూడటమా: ఏది మేలు?

నొప్పులొచ్చి ఆస్పత్రికి వెళ్లిన మనిషి ఒడిలో బిడ్డ లేకుండా తిరిగొస్తే ఇంట్లో వాళ్లు అడిగే మొదటి మాట "ఏమైంది?" అని. "పేగు మెడకు చుట్టుకుంది" అనో, "ఉమ్మనీరు తాగింది" అనో చెప్తారు. చాలాసార్లు కేస్ షీట్‌లోనూ అంతకు మించి ఉండదు. ఆ తర్వాత గ్రహణం నాడు బయట తిరిగిందని, బరువులెత్తిందని నింద తల్లి మీదకే వస్తుంది. 2021లో ఇలా ఏడు నెలలు నిండాక కడుపులోనో, కాన్పు మధ్యలోనో పోయిన బిడ్డలు ప్రపంచం మొత్తమ్మీద సుమారు 19 లక్షల మంది. అందులో ఎక్కువమంది ఆఫ్రికా, దక్షిణాసియా దేశాల వాళ్లే.

కారణం తేల్చడంలో పూర్తి పోస్టుమార్టానికి సాటి లేదు. కానీ పురిట్లో పోయిన బిడ్డను కొయ్యడానికి ఎంతమంది తల్లిదండ్రులు ఒప్పుకుంటారు? ఒప్పుకున్నా, అలాంటి పోస్టుమార్టం చేయగల పాథాలజిస్టు చిన్న ఊళ్లలో దొరకడు. కాబట్టి దాన్ని పక్కన పెట్టి మిగతా మూడు దారులూ చూద్దాం.

ఎక్కువగా వాడేది అడిగి తెలుసుకునే పద్ధతి. దీన్ని వెర్బల్ అటాప్సీ అంటారు. కొన్ని వారాలయ్యాక ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి తల్లిని అడుగుతుంది: బిడ్డ కదలిక ఎప్పుడు ఆగింది? ఉమ్మనీరు ఏ రంగులో ఉంది? ఫిట్స్ వచ్చాయా? ఆస్పత్రికి చేరడానికి ఎంతసేపు పట్టింది? ఖర్చు తక్కువ. ఇంట్లోనే కాన్పయిన చోట ఇంతకంటే దారి లేదు. రక్తస్రావం, నొప్పులు రోజంతా సాగడం, బండి దొరక్క ఆలస్యం కావడం లాంటివి ఇందులో బయటపడతాయి. తల్లికి తెలియకుండా లోపల జరిగింది మాత్రం పడదు. బీపీ పెరిగినట్టు, ఇన్ఫెక్షన్ పాకినట్టు ఆమెకెలా తెలుస్తుంది?

ఇందులో ఇంకో ఇబ్బంది ఉంది. పుట్టిన బిడ్డ చర్మం ఊడుతుంటే నొప్పులకు ముందే పోయిందని, తాజాగా ఉంటే కాన్పులో పోయిందని రాస్తారు. బిడ్డ పోయాక కొన్ని గంటలు లోపలే ఉన్నా చర్మం ఊడటం మొదలవుతుంది. అందుకే ఈ గుర్తు చాలాసార్లు తప్పుతుంది. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే బిడ్డ గుండె చప్పుడు విని టైమ్ రాసి పెడితే, ఆ ఒక్క గీత ఇంతకంటే నమ్మకమైన సాక్ష్యం.

రెండోది సూది పద్ధతి. బిడ్డను కొయ్యకుండా సన్నటి సూదులతో ఊపిరితిత్తులు, మెదడు, కాలేయం, రక్తం, వెన్ను నీటి నుంచి నమూనాలు తీస్తారు. మోజాంబిక్‌లోని మానిసా, దక్షిణాఫ్రికాలోని సోవెటో, బంగ్లాదేశ్‌లోని బాలియాకాందిలో ఛాంప్స్ అనే పరిశోధన బృందం ఇలాగే చూస్తోంది. మన పక్కనే కర్ణాటకలోని దావణగెరెలో, పాకిస్తాన్‌లోని కరాచీలో పర్పస్ అనే అధ్యయనం కూడా ఇదే చేసింది. రెండింటిలోనూ మొదటి కారణంగా తేలింది బిడ్డకు ఆక్సిజన్ అందకపోవడం. తల్లి మాటల్లో దొరకని ఈ.కోలై, గ్రూప్ బి స్ట్రెప్ లాంటి ఇన్ఫెక్షన్లను కూడా సూది పట్టుకోగలదు. అయితే గుండె నిర్మాణంలో లోపాల్లాంటివి సూదికి సరిగ్గా అందవు. పైగా ల్యాబ్ కావాలి, ఫలితాలు చదివి కారణం తేల్చే నిపుణులు కావాలి. అన్నిటికంటే ముందు, దుఃఖంలో ఉన్న ఇంటివాళ్లతో గంటల్లోనే ఆ మాట ఎత్తాలి.

మూడోది మాయ. నా ఓటు దీనికే. మాయను ట్రేలో పెట్టి కడిగి, తూకం వేసి, తల్లి వైపు భాగం పైకి తిప్పి చూస్తే ముద్దలా నల్లటి రక్తపు గడ్డ అంటుకుని ఉండొచ్చు. మాయ ముందే విడిపోయిందనడానికి అది గుర్తు. అక్కడక్కడా పాలిపోయి గట్టిపడిన మచ్చలుంటే బీపీ వల్ల రక్తం సరిగ్గా అందలేదేమోనని అనుమానించాలి. పొరలు మసకబారి చెడు వాసన వస్తే ఇన్ఫెక్షన్. బొడ్డుతాడుకి నిజంగా ముడి పడిందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. దీనికి కావలసింది ఒక ట్రే, ఒక త్రాసు, తర్వాత మైక్రోస్కోపు కింద చూపించాలనుకుంటే మాయ చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ మందు డబ్బా ఒకటి. బిడ్డను ముట్టుకోనక్కర్లేదు కాబట్టి ఇంటివాళ్లతో మాట్లాడటం తేలిక. మాయను పూడ్చిపెట్టే ఆచారం ఉన్నవాళ్లకు చూశాక మర్యాదగా తిరిగి ఇవ్వొచ్చు. ఇన్ని చెప్పే మాయను చాలా ఆస్పత్రుల్లో చూడకుండానే చెత్తలో వేస్తున్నారంటే నాకు బాధగా ఉంటుంది.

మాయ ఒక్కటే అన్నీ చెప్పదు, అది నిజం. బతికి బట్టకట్టిన బిడ్డల మాయలోనూ మచ్చలు కనిపిస్తాయి. అందుకే నా లెక్కలో ప్రతి ఆస్పత్రిలో మాయ చూడటం, గుండె చప్పుడు రాయడం, తల్లికి బీపీ, సిఫిలిస్ (లైంగికంగా సోకి కడుపులో బిడ్డకూ పాకే జబ్బు) పరీక్షలు, ఓపిగ్గా ఆమెతో మాట్లాడటం ఉండాలి. సూది పద్ధతి కొన్ని పెద్ద కేంద్రాల్లో ఉంటే చాలు. మిగతావాళ్లు తేల్చిన కారణాలు ఎంతవరకు సరైనవో దాంతో సరిచూసుకోవచ్చు.

సిఫిలిస్ అని తేలితే పెన్సిలిన్ ఇంజక్షన్‌తో నయమవుతుంది. బీపీ అని తేలితే మళ్లీ కడుపు పండినప్పుడు మూడో నెల దాటగానే డాక్టరు తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టొచ్చు, చెకప్‌లు దగ్గర దగ్గరగా పెట్టొచ్చు.