కాకినాడ ఐసీయూలో మా మావయ్యగారికి ట్యూబ్ వేసినప్పుడు: నా రివ్యూ

ఈ ఆసుపత్రికి ఐదుకి నాలుగు ఇస్తానండి, ఆ నాలుగూ అక్కడి మత్తు డాక్టరమ్మగారికే. మావయ్యగారికి న్యుమోనియా ముదిరి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది, దాన్నే సెప్సిస్ అంటారట. అమలాపురంలో ముందు చేర్చిన చోట వెంటిలేటర్ కోసం గొంతులోంచి ఊపిరి ట్యూబ్ వేయాలి, సంతకం పెట్టమన్నారు. అసలే బీపీ 80కి దిగిపోయిన మనిషికి ఏ మత్తు ఇస్తారని అడిగితే "అవన్నీ మేం చూసుకుంటాం" అన్నారు, ఆఖరికి వెంటిలేటర్ బెడ్ ఖాళీ లేదని ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ పంపేశారు.

ఇక్కడ డాక్టరమ్మగారు బయటికొచ్చి నిలబడి చెప్పారు. "చూడమ్మా, ఆయన ఒళ్లు ఉన్న ఓపికంతా కూడదీసుకుని బీపీని నిలబెడుతోంది, మత్తివ్వగానే ఆ పట్టు సడలిపోతుంది." పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ అనే మత్తుమందు బీపీని బాగా దించేస్తుంది కాబట్టి వద్దన్నారు. మిగిలినవి కెటమిన్, ఎటోమిడేట్. ఎటోమిడేట్ బీపీ జోలికి పెద్దగా పోదు గానీ, ఒక్క డోసుకే అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ తయారు చేయడం కొన్ని గంటలపాటు తగ్గిపోతుందట, సెప్సిస్ ఉన్నవాళ్లకి ఆ హార్మోను చాలా అవసరం. కెటమిన్ మామూలుగా బీపీని పెంచుతుంది, కానీ బాగా నీరసించినవాళ్లలో అదీ దించేయొచ్చు. అమెరికాలో 2,365 మందిని ఈ రెండు మందుల మీద పోల్చి చూసి 2025 డిసెంబరులో ఫలితాలు ప్రచురించారు. 28 రోజుల్లో చనిపోయినవాళ్ల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ట్యూబ్ వేసే సమయంలో బీపీ కుప్పకూలడం మాత్రం కెటమిన్‌తోనే కొంచెం ఎక్కువ. అంటే ఏ ఐసీయూ అయినా "మా మందే బెస్టు" అంటే నమ్మక్కర్లేదు.

ఈవిడ కెటమిన్ ఎంచుకున్నారు, మోతాదు తగ్గించి. దానికంటే నాకు నచ్చింది ముందు చేసిన ఏర్పాటు. మత్తుకి ముందే బీపీని నిలబెట్టే నార్‌అడ్రినలిన్ డ్రిప్ మొదలైంది, మాస్కు బిగించి కాసేపు ఆక్సిజన్ పట్టారు. అద్దం తలుపులోంచి చూస్తే ట్రేలో సిరంజి సిరంజికీ పేరు రాసిన స్టిక్కరు ఉంది, సిస్టరు పేరూ మోతాదూ పైకి చదివి ఇంకొకరికి చూపించాకే అందించింది. కండరాలు వదులు చేసే మందు వేరే ఉంటుందట, అది మత్తు కాదు. మత్తు చాలకుండా అది ఎక్కితే మనిషికి తెలివుంటుంది, కదల్లేడు. తలుచుకుంటేనే నాకు ఒళ్లు జలదరించింది, మీవాళ్లకి ట్యూబ్ వేయాల్సొస్తే ఈ సంగతి మొహమాటపడకుండా అడగండి.

ట్యూబ్ వేశాక బీపీ కాస్త తగ్గింది, డ్రిప్ పెంచితే సర్దుకుంది. మావయ్యగారు ఇప్పుడు ఇంట్లో గంజీ, పెరుగన్నం తింటున్నారు.

ఒక మార్కు తగ్గించింది బిల్లింగుకి. "ఐసీయూ మందులు" అని ఒకే అంకె వేసి ఇచ్చారు, విడివిడిగా కావాలని గట్టిగా అడిగితే మర్నాడు మధ్యాహ్నానికి ఇచ్చారు. డిశ్చార్జికి ముందురోజే అడిగి పెట్టుకోండి.