స్పార్క్ ప్లగ్గు థ్రెడ్ పోయింది: తీగ చుట్టా, బుష్షా?

"ప్లగ్గు బిగిస్తుంటే పట్టు లేకుండా ఊరికే తిరుగుతోంది. హెడ్డు (ప్లగ్గు ఎక్కే ఇంజన్ పైభాగం) దించకుండా ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?" ఇది తరచూ అడుగుతున్నారు. చేసుకోవచ్చు. ఎలాగన్నది లోపల ఎంత పోయిందో చూసి చెప్పాలి.

పై రెండు మూడు చుట్లే నలిగి, అడుగున థ్రెడ్లు బాగుంటే బ్యాక్ ట్యాప్ చాలు. ట్యాప్ అంటే రంధ్రంలో థ్రెడ్లు కోసే పనిముట్టు. మామూలు ట్యాప్ పాడైన చోటే మొదలవుతుంది కాబట్టి వంకరగా ఎక్కే ప్రమాదం ఉంది. బ్యాక్ ట్యాప్‌ను ముడిచి లోపలికి దించి, విప్పార్చి, బాగున్న థ్రెడ్లలో పట్టించి పైకి తిప్పుకుంటూ వస్తాం. కోసిన లోహపు రజను కూడా చాలావరకు పైకే వస్తుంది.

మొత్తం పోతే ఇన్సర్ట్ తప్పదు, అంటే రంధ్రం పెద్దది చేసి కొత్త థ్రెడ్లున్న ముక్కను అందులో దించాలి. హెలికాయిల్ అంటే స్టెయిన్‌లెస్ తీగ చుట్ట. చవక, హెడ్డులో తక్కువ లోహం కోస్తే సరిపోతుంది. బోల్టు రంధ్రాలకు నేను ఇప్పటికీ అదే వాడతాను. ప్లగ్గు సంగతి వేరు. అది వేడికి కాగి, మసి పట్టి, మళ్ళీ మళ్ళీ ఊడదీయాల్సిన వస్తువు. నేను చుట్ట వేసిన ఇంజన్‌లో మొన్న ప్లగ్గు విప్పాను. మొదట్లో బిగువుగా ఉండి, తర్వాత అదే బిగువుతో చివరిదాకా వచ్చింది. వెలుతురులో పట్టుకుని చూస్తే థ్రెడ్లకు తీగ చుట్టుకునే ఉంది, కింది చివర నల్లగా మసి. చుట్టను హెడ్డులో నిలిపేది ప్రధానంగా దాని స్ప్రింగు బిగువే. ప్లగ్గు పట్టు అంతకు మించితే దాంతోపాటే వచ్చేస్తుంది.

అందుకే ఈసారి గట్టి బుష్ వేశాను, అంటే లోపలా బయటా థ్రెడ్లున్న లోహపు గొట్టం. పైన చిన్న అంచు ఉంటుంది, అది హెడ్డులో కోసిన గాడిలో కూర్చుంటుంది. అడుగు థ్రెడ్లు పూర్తిగా తయారై ఉండవు. బిగించే పనిముట్టు వాటిని నొక్కుతూ దిగేసరికి బుష్ అడుగు వెడల్పై హెడ్డును పట్టేస్తుంది. కిట్టు ఖరీదెక్కువ, పైగా ఒక్కో సైజుకు ఒక్కోటి: కార్లలో ఎక్కువగా 14×1.25 (14 మి.మీ. మందం, థ్రెడ్ల మధ్య 1.25 మి.మీ.), బైకుల్లో 12×1.25 లేదా 10×1.0. పొడవు కూడా ప్లగ్గుకు సరిపోవాలి. కురచైతే కింది థ్రెడ్లు మసి పట్టిపోతాయి, పొడవైతే మంట గదిలోకి పొడుచుకొస్తుంది. ప్లగ్గు హెడ్డు మీద వాషర్‌తో ఆనేదా, ఏటవాలు అంచుతో ఆనేదా అన్నదీ చూసి కొనాలి.

ఎపాక్సీ జిగురు పూయడం వద్దే వద్దు. వెల్డింగ్ చేసి కొత్తగా రంధ్రం తీయడం బాగానే ఉంటుంది, కానీ హెడ్డు దించి మెషిన్ షాపుకు ఇవ్వాలి.

దేనికైనా పిస్టన్‌ను కిందికి దింపి, రజను అంటుకునేలా ట్యాప్ గాడుల్లో గ్రీజు నింపండి. కాస్త తిప్పి తీసి, తుడిచి, మళ్ళీ గ్రీజు పెట్టండి. మిగిలిన రజనును సన్నని గొట్టంతో పీల్చేయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్గు తలకు రబ్బరు గొట్టం తొడిగి వేళ్లతో తిప్పండి. వంకరగా ఎక్కితే గొట్టమే జారుతుంది. చివరి బిగింపు, బిగువు కొలిచే టార్క్ రెంచితో: అల్యూమినియం హెడ్డులో వాషరున్న 14 మి.మీ. ప్లగ్గుకు 25–30 న్యూటన్ మీటర్లు, 12కు 15–20, 10కి 10–12.