జూబ్లీహిల్స్‌లో ‘ఆండీస్ కొండల వైన్’ విందుకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

జూబ్లీహిల్స్‌లోని ఒక రెస్టారెంటు ఆండీస్ కొండల వైన్లకు హైదరాబాదీ వంటలు జోడించి విందు ఇస్తోంది. మనిషికి 6,500 రూపాయలు, ముందే కట్టాలి. గత నెల నేనూ నా భార్యా వెళ్లాం. చెప్పింది ఒకటి, పోసింది మరొకటి. ఈ నెలాఖరున మళ్లీ అదే విందు ఉందని ప్రకటన కనిపించింది కాబట్టి, వెళ్లాలనుకుంటున్నవారి కోసం జరిగిందంతా రాస్తున్నాను.

ప్రకటనలో ఉన్నది అర్జెంటీనా వాయవ్యాన ఉన్న సాల్టా రాష్ట్రం పేరు, అందులోని కల్చకీ లోయల పేరు. అక్కడి కఫయాతే పట్టణం చుట్టూ తోటలు సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తులో ఉంటాయి. ఇంకా పైన కొలోమే అనే వైన్ సంస్థ వారి తోట ఒకటి 3,111 మీటర్ల దగ్గర ఉంది. మన ఊటీయే 2,240 మీటర్లు. వైన్‌కు ఆ ఎత్తు ఊరికే చెప్పుకునే గొప్ప కాదు. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 100 మీటర్లకు వేడి దాదాపు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. పగలు ఎండ తీవ్రంగా కాసినా రాత్రి చలి పడుతుంది కాబట్టి ద్రాక్షలో పులుపు నిలిచి ఉంటుంది. పలచని గాలిలో అతినీలలోహిత కిరణాలు ఎక్కువగా తగిలి పండు తోలు మందమవుతుంది. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ ఇచ్చేది ఆ తోలే. మనం ఎక్కువ డబ్బు పెట్టేది దీనికే.

మొదట వచ్చింది తొర్రొంతెస్. మల్లెపూల వాసన వేసే తెల్ల వైన్ ఇది. వాసన చూస్తే తియ్యగా ఉంటుందనిపిస్తుంది గానీ నోట్లో తీపి ఉండదు. సాధారణంగా దీన్ని లేతగా, ఒకటి రెండేళ్లలోపే తాగాలి. మా గ్లాసులోకి వచ్చింది ముదురు పసుపు రంగులో ఉంది. మల్లె వాసన లేదు. కోసి పక్కన పెట్టిన ఆపిల్ ముక్క వాసన వేసింది. సీసా చూపించమంటే లోపల ఉందన్నారు. రెండోసారి గట్టిగా అడిగాక తెచ్చారు, అదీ లేబుల్ మీదుగా గుడ్డ చుట్టి. గుడ్డ తీసి చూస్తే 2017 పంట.

తర్వాత మాల్బెక్ అనే ఎర్ర వైన్. ఈ సీసా మీద సాల్టా పేరే లేదు, ‘మెండోజా’ అని మాత్రం ఉంది. మెండోజా వైన్ అంటే తక్కువని నేను అనడం లేదు. అక్కడి ఊకో లోయలో 1,000 మీటర్లు దాటిన చోట పండే మాల్బెక్ అద్భుతంగా ఉంటుంది. కానీ మెండోజా చాలా పెద్ద రాష్ట్రం. తూర్పు వైపు మైదానాల్లో తక్కువ ఎత్తులో, ఎక్కువ దిగుబడితో పండించి చవకగా అమ్మే వైన్ మీదా అదే పేరు ఉంటుంది. లేబుల్ మీద మంచు కొండ బొమ్మ ఉన్నంత మాత్రాన ద్రాక్ష కొండ మీద పండినట్టు కాదు. లోయ పేరో, ఉప ప్రాంతం పేరో చూడాలి. కొందరు తోట ఎత్తును మీటర్లలో వెనక లేబుల్ మీద వేస్తారు. ఈ సీసా మీద ఆ వివరాలేవీ లేవు.

పైగా సీసా చేతికి గోరువెచ్చగా తగిలింది. ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలోనే ఇవ్వాలని వడ్డించే అబ్బాయి వివరించాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టను, అలాగే నేర్పి ఉంటారు. కానీ ఆ లెక్క చలి దేశాల ఇళ్లకు సంబంధించింది. మాల్బెక్‌కు 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది. వేసవిలో హైదరాబాద్ గదిలో పెట్టిన సీసాను అలాగే తెరిస్తే మద్యం ఘాటు ముందు ముక్కుకు తగులుతుంది, పండు రుచి వెనకబడుతుంది.

అన్నిటికంటే బాధ కలిగించింది వంటలతో జోడింపు. మాల్బెక్‌కు జతగా గోంగూర మాంసం పెట్టారు. వంట బాగుంది, దానికి వంక పెట్టను. కానీ తిండిలో పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పబడిపోతుంది. ఎండుమిర్చి మంటకు 14 శాతం మద్యం తోడైతే మంట పెరుగుతుంది, వగరు చేదుగా మారుతుంది. వగరు ఉన్న వైన్‌కు కావలసింది కొవ్వు పట్టిన, నిప్పు మీద కాలిన మాంసం. అర్జెంటీనాలో మాల్బెక్‌ను అసాదోతో, అంటే నిప్పుల మీద నెమ్మదిగా కాల్చిన మాంసంతో తాగేది అందుకే. మన దగ్గర దానికి సరైన జోడీ వేడి రాతి పలక మీద కాల్చే పత్తర్ కా గోష్త్. అదీ వారి జాబితాలో ఉంది! కానీ బల్ల మీదికి వచ్చేసరికి వైన్ అయిపోయింది. ఇంకో గ్లాసు కావాలంటే వేరే బిల్లు అన్నారు.

తొర్రొంతెస్‌కు కూడా మంచి జత మన ఊళ్లోనే ఉంది. సాల్టాలో ఈ వైన్‌తో కజ్జికాయల్లా మడిచిన ఎంపనాదాలు తింటారు, లోపల సన్నగా తరిగిన మాంసం, ఉల్లి, జీలకర్ర ఉంటాయి. మన లుఖ్మీ దానికి దగ్గర చుట్టమే. కొత్తిమీర, నిమ్మరసం పట్టించి కాల్చిన చేప అయినా సరిపోయేది. వీళ్లు మాత్రం డబుల్ కా మీఠా పెట్టారు. తీపి లేని వైన్ తీపి పదార్థం పక్కన పులిసిన నీళ్లలా ఉంటుంది.

మేనేజరును అడిగితే ‘సరుకు అందలేదు, అదే స్థాయి వైన్ ఇచ్చాం’ అన్నారు. ఆ మాట డబ్బు కట్టించుకునే ముందు చెప్పాలి. తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. చివరికి అదనంగా తీసుకున్న గ్లాసు బిల్లులో సర్వీస్ చార్జి కూడా వేశారు. రెస్టారెంట్లు దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ మాట చెప్పగానే తీసేశారు. మీరూ అడగండి.

విందుకు వెళ్లాలనే ఉంటే, డబ్బు కట్టే ముందు ప్రతి సీసా పేరు, ప్రాంతం, పంట సంవత్సరం సందేశంలో రాసి పంపమనండి. నోటిమాట చాలదు. వైన్ మారితే డబ్బు వెనక్కి ఇస్తామని అందులోనే రాయించుకోండి. సీసాను మీ బల్ల దగ్గరే తెరవమనండి. వెచ్చగా ఉంటే మొహమాటపడకుండా ఐసు, నీళ్లు ఉన్న బకెట్‌లో పావుగంట పెట్టించండి. ఎర్ర వైన్‌కైనా అందులో తప్పేమీ లేదు.

దుకాణంలో కొనేవారు కూడా ఎండ పడే అరలో నిలబెట్టిన సీసాను తీసుకోకండి. బిరడా పైకి పొడుచుకు వచ్చినా, మూత కింద జిగురు మరక కనిపించినా ఆ సీసా వేడికి దెబ్బతిని ఉండవచ్చు. దిగుమతిదారు పేరు, చిరునామా, ఎక్సైజ్ హోలోగ్రామ్ ఉన్నాయో లేదో చూడండి.

ఇప్పటికే డబ్బు కట్టినవారు ప్రకటన ఫొటోను, చెల్లింపు రసీదును దాచుకోండి. అక్కడ లేబుళ్లకు ఫొటోలు తీయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మా ఫిర్యాదు అక్కడ నమోదైంది, వారి జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.