సోనీ 7506, షూర్ ఎస్‌ఈ215: ఏళ్ల తరబడి రెండూ వాడాక

స్టూడియో హెడ్‌ఫోన్స్ కొనాలా, ఇన్-ఇయర్ మానిటర్లు (చెవి రంధ్రంలోకి దూర్చుకునేవి) కొనాలా అని ఎవరైనా అడిగితే, వాటితో ఏం చేస్తారని నేను తిరిగి అడుగుతాను. పాటలు వినడానికే అయితే చెవికి హాయిగా ఉన్నది తీసుకోండి, అంతకు మించి ఆలోచించక్కర్లేదు. పని చేయడానికైతే మాత్రం లెక్క వేరు. నేను ఇంట్లోనే ఒక గదిలో ఆడియో పుస్తకాలు, షార్ట్ ఫిల్మ్‌ల డైలాగులు ఎడిట్ చేస్తాను. అప్పుడప్పుడు పాటల మిక్సింగ్ కూడా తగులుతుంది. టేబుల్ మీద సోనీ ఎండీఆర్-7506 హెడ్‌ఫోన్స్, షూర్ ఎస్‌ఈ215 ఇన్-ఇయర్ రెండూ ఏళ్లుగా ఉన్నాయి. ఏ పనికి ఏది చేతిలోకి వెళ్తుందో ఇప్పుడు నాకు అలవాటైపోయింది.

7506 వచ్చింది 1991లో. చెవిని పూర్తిగా మూసే రకం, 40 మిల్లీమీటర్ల డ్రైవర్లు (శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్లు), 63 ఓమ్‌ల ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డుపడే గుణం), స్ప్రింగులా చుట్టలు తిరిగిన పొడుగాటి కేబుల్. ఎస్‌ఈ215లో చెవికి ఒక్కటే బుల్లి డైనమిక్ డ్రైవర్. కేబుల్ చెవి మీదుగా వెనక్కి తిప్పి పెట్టుకోవాలి.

ముందు గొంతు సంగతి. తెలుగు గొంతు ఎడిట్ చేసేవాళ్లకు అసలు తలనొప్పి స, శ, ష, చ. ‘విశేషం’, ‘శిష్యుడు’, ‘సంస్థ’ లాంటి మాటలు మైకుకు దగ్గరగా చదివితే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో చెవిలో గుచ్చుకునే ఈల ఒకటి వస్తుంది. 7506 పైస్థాయి శబ్దాలను కాస్త ఎత్తి చూపిస్తుంది కాబట్టి ఆ ఈల దాక్కోలేదు. పెదాలు విడిపడే తడి చప్పుడు, వాక్యం మధ్యలో పీల్చిన శ్వాస, రెండు టేకులు అతికించిన చోట వచ్చే చిన్న ‘టిక్’, అన్నీ బయటపడతాయి. బియ్యంలో రాళ్లు ఏరడానికి ఎండలోకి జరిగి కూర్చున్నట్టు ఉంటుంది. అదే ఫైలు షూర్‌లో పెడితే గొంతు గుండ్రంగా, వెచ్చగా, ఏ గొడవా లేనట్టు వినిపిస్తుంది. వినడానికి ఎంత బాగుంటుందో, ఎడిటింగ్‌కు అంత పనికిరాదు.

అయితే 7506ని పూర్తిగా నమ్మి డీ-ఎస్సర్ (ఈ ఈలను తగ్గించే సాధనం) తిప్పుకుంటూ పోకూడదు. అది ఎత్తి చూపించిన దాన్నంతా కోసేస్తే ‘సారు’ కాస్తా ‘థారు’ అవుతుంది. అందుకే ఈల తగ్గించాక ఒకసారి షూర్‌లో వింటాను. అందులో కూడా ‘స’ స్పష్టంగా ‘స’లాగే ఉంటే సరిపోయినట్టే.

కింది శబ్దాల దగ్గరికి వచ్చేసరికి పాత్రలు మారిపోతాయి. ‘భక్తి’, ‘ప్రభావం’ అన్నప్పుడు మైకు మీద పడే గాలి దెబ్బ ఎక్కువగా 100 హెర్ట్జ్ కిందే ఉంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో లాప్‌టాప్ ఛార్జర్ పెట్టి రికార్డు చేస్తే 50, 100, 150 దగ్గర సన్నటి హమ్ (గుయ్యిమనే మోత) చేరుతుంది. కింద బోరు మోటారు వేశారంటే అదో రొద. ఇవన్నీ నాకు ఇన్-ఇయర్‌లోనే ముందు దొరుకుతాయి. కారణం సీల్, అంటే గాలి చొరబడకుండా మూసుకోవడం. చెవి రంధ్రాన్ని టిప్ (కొనకు ఉండే మెత్తటి తొడుగు) గట్టిగా మూస్తే లోపల మిగిలే గాలి చాలా కొంచెం. దాన్ని కదపడానికి ఆ చిన్న డ్రైవర్ చాలు, బేస్ లోతు దాకా దిగుతుంది. హెడ్‌ఫోన్స్‌కీ సీల్ కావాలి కానీ, నాలాగా కళ్లజోడు ఉన్నవాళ్లకు దాని కాడ దగ్గర ప్యాడ్ కొద్దిగా లేస్తుంది. ఆ సందులోంచి ముందు జారిపోయేది బేసే. జోడు తీసి వింటే తేడా తెలుస్తుంది, కానీ అప్పుడు స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ (శబ్దాన్ని చూపే గీత) కనిపించదు!

ఇన్-ఇయర్‌తో చిక్కేమిటంటే పెట్టుకున్న ప్రతిసారీ ఒకేలా వినపడదు. ఫోమ్ టిప్‌ను నలిపి లోపల పెట్టి, అది ఉబ్బే దాకా వేలితో పట్టుకోవాలి. ఆ ఓపిక లేకపోతే బేస్ సగం ఎగిరిపోతుంది. ఒక చెవిలో బాగా కూర్చుని మరో చెవిలో వదులైతే మిక్స్ మొత్తం ఒక పక్కకు ఒరిగినట్టు ఉంటుంది, తప్పు మిక్స్‌లో ఉందనుకుని ఫేడర్ల (శబ్దం పెంచి తగ్గించే మీటల) మీద పడతాం. నా రెండు చెవులకూ ఒకే సైజు సరిపోదు. ఎడమకు చిన్నది, కుడికి మధ్యస్థం. సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి నోరు మూసుకుని ‘మ్‌మ్‌’ అంటాను. రెండు చెవుల్లో సమానంగా గుమ్మని మోగితే సీల్ పడినట్టు.

ఇంకో సంగతి. బయట చెవి డొప్ప, రెండున్నర సెంటీమీటర్ల చెవి నాళం కలిసి 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాన్ని సహజంగానే పెంచుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా చెవి డొప్ప తన పని తాను చేస్తూనే ఉంటుంది. టిప్ లోపలికి దూరితే డొప్ప ఆటలోనే ఉండదు, నాళం పొడవు కూడా మారిపోతుంది. పోయిన ఆ పెంపును తయారీదారు అంచనా వేసి ట్యూనింగ్‌లో తిరిగి కలపాలి. అందరి చెవులూ ఒకటి కాదు కాబట్టి ఒకరికి నిండుగా వినిపించిన ఇన్-ఇయర్ ఇంకొకరికి మూగగా అనిపిస్తుంది. ఇన్-ఇయర్ల మీద ఎవరి అభిప్రాయాన్నయినా, నాదైనా సరే, కాస్త తగ్గించి తీసుకోండి.

వాయిద్యాలు ఎడమా కుడీ ఎక్కడున్నాయి, రెవర్బ్ (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) ఎంత వేయాలి అన్న విషయాల్లో రెండూ అంతంతే. స్పీకర్లలో ఎడమ శబ్దం కుడి చెవికీ అందుతుంది, వీటిలో అందదు. మృదంగం తలలో ఓ మూల, వయొలిన్ మరో మూల ఇరుక్కున్నట్టు ఉంటాయి. 7506లో కాస్త చెవుల బయట, షూర్‌లో పూర్తిగా తల లోపల. ఈ పని స్పీకర్ల దగ్గరే చేసుకోవాలి.

పాడేవాళ్లకు ఏది ఇవ్వాలి? మైకులోకి క్లిక్ ట్రాక్ (తాళం కోసం చెవిలో వినిపించే టిక్ టిక్) కారకూడదంటే ఇన్-ఇయర్‌కు సాటి లేదు. ఎస్‌ఈ215 37 డెసిబెల్స్ దాకా బయటి శబ్దాన్ని ఆపుతుందని షూర్ చెబుతుంది. కానీ చెవులు మూసుకుపోయి తమ గొంతు తమకే గుమ్మెత్తినట్టు వినపడితే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది, శ్రుతి కదులుతుంది. అలాంటివాళ్లకు 7506 ఇచ్చి, ఒక కప్పు చెవి వెనక్కి నెట్టుకోమంటాను. టేకు ఓకే అయిపోతుంది.

ఇన్-ఇయర్లు తక్కువ పవర్‌కే గట్టిగా మోగుతాయి. అందుకే చవక ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకును, హెడ్‌ఫోన్స్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) గుచ్చితే ‘స్స్’ అనే హిస్ వినపడుతుంది, వాల్యూమ్ నాబ్ మొదటి పావు తిప్పుడులోనే ఉండిపోవాల్సి వస్తుంది. చాలా నాబ్‌లలో ఆ మొదటి భాగంలో ఎడమా కుడీ సమానంగా ఉండవు. 63 ఓమ్‌ల 7506కు ఈ బాధ తక్కువ.

రికార్డింగ్‌లో ఫ్యాన్ ఆపాలి కదా, మే నెలలో హెడ్‌ఫోన్స్ అంటే చెవులకు ఆవిరి పట్టడమే. కృత్రిమ తోలు ప్యాడ్లు ఏ కంపెనీవైనా కొన్నాళ్లకు పొట్టు రాలి చెవులకు నల్లగా అంటుకుంటాయి. మార్చేటప్పుడు మెత్తగా ఉంటాయని వెల్వెట్ లాంటివి వేస్తే బేస్ తగ్గుతుంది, కొనే ముందే తెలుసుకోండి. 7506 కేబుల్ ఊడదీసేది కాదు. నాది కుర్చీ చక్రం కింద నలిగితే ఒక రిపేరు షాపులో ఇచ్చాను. తెచ్చి పెట్టుకుంటే బేస్ పలచబడింది, మధ్యలో ఉండాల్సిన గొంతు తల చుట్టూ తేలుతోంది. ఒక పక్క ప్లస్, మైనస్ తిరగేసి అతికించారు. మళ్లీ విప్పించి సరిచేయించేసరికి రెండు రోజుల పని ఆగింది. ఇన్-ఇయర్‌లో ఆ బెడద లేదు, కేబుల్ పీకి కొత్తది తగిలించుకోవచ్చు. కాకపోతే గులిమి చేరి జాలీ మూసుకుంటే ఒక పక్క మందగిస్తుంది, మెత్తటి బ్రష్‌తో దులుపుతుండాలి.

ఒక్కటే కొనే బడ్జెట్ ఉండి, చేసేది గొంతు పని అయితే కళ్లు మూసుకుని 7506 తీసుకోండి. బస్సులో, రైల్లో కూర్చుని పని చేసేవాళ్లకు, స్టేజీ మీద వాయించేవాళ్లకు ఎస్‌ఈ215. ఏది కొన్నా బిల్లు, వారంటీ ఇచ్చే చోటే కొనండి. రెండింటికీ నకిలీలు ఉన్నాయి, పెట్టె చూస్తే అసలుకు ఏమాత్రం తీసిపోదు.